తెలుగులో సొంత పాటల ఆల్బమ్

సినిమా కోసమో నాటకం కోసమో కాకుండా, ఒక గాయకుడు లేదా గాయని తన పేరు మీదనే స్టూడియోలో పాడి విడుదల చేసే పాటల సంపుటి ఏకగాయక ఆల్బమ్. రాసింది, బాణీ కట్టింది, పాడింది ఒక్కరే అయితే అది సొంత పాటల ఆల్బమ్ అవుతుంది. ఇంగ్లండులో 1960ల చివరి నుంచి ఈ రూపానికి పెద్ద పేరు వచ్చింది. తెలుగులో దీని పునాదులు అంతకంటే పాతవి, దారి మాత్రం వేరు. ఇక్కడ ప్రేమపాటను సినిమా తన సొంతం చేసుకుంది. రాయడం, స్వరపరచడం, పాడడం అని పాట పనిని మూడు వాటాలు వేసి ముగ్గురికి పంచింది. ఆ మూడూ తామే చేయాలనుకున్నవాళ్ళకు భక్తి, దేశం, తిరుగుబాటు మిగిలాయి. తెలుగు సొంత పాటల రికార్డుల్లో నిలిచినవి దాదాపు అన్నీ ఈ మూడు చోట్ల పుట్టినవే.

ఈ చరిత్రను సాధారణంగా మద్రాసు నుంచి మొదలుపెట్టి హైదరాబాదులో ముగిస్తారు. సంగారెడ్డి జిల్లా రాయికోడ్, జహీరాబాద్ వంటి చోట్లు అందులో కనిపించవు. ఆ ప్రాంతంలో పాటకు కొదవ ఉండి కాదు. రికార్డింగు కంపెనీల బాటకు అది దూరంగా ఉండిపోయింది. ఆ ప్రాంతపు పాట రికార్డయిన తీరు కూడా తెలుగు ఆల్బమ్ చరిత్రలో భాగమే. అందుకే దానికి ఈ వ్యాసంలో తగినంత చోటు ఇస్తున్నాం.

వాగ్గేయకారుల వారసత్వం

తన మాటను తానే పాడుకునే కవి తెలుగువారికి కొత్త కాదు. అన్నమయ్య, క్షేత్రయ్య, భద్రాచల రామదాసుగా పేరుపొందిన కంచెర్ల గోపన్న, త్యాగరాజు అందరూ ఆ కోవకు చెందినవారే. వీరిలో పాటను భద్రపరచడం గురించి అన్నిటికంటే గట్టి ప్రయత్నం జరిగింది అన్నమయ్య విషయంలో. ఆయన సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో దాచారు. 20వ శతాబ్దంలో అవి బయటపడ్డాక వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు పరిష్కరించి ప్రచురించారు. రేకుల మీద మాట ఉంది, రాగం పేరు ఉంది, బాణీ లేదు. దాంతో రాళ్ళపల్లి వారు, తరువాతి విద్వాంసులు కొత్తగా స్వరపరచవలసి వచ్చింది. ఈరోజు మనం వింటున్న అన్నమయ్య పాటలో మాట 15వ శతాబ్దానిది, బాణీ చాలావరకు 20వ శతాబ్దానిది. గొంతును పట్టి నిలిపే యంత్రం వచ్చాక వాగ్గేయకారుడికి దొరికిన కొత్త బలం ఏమిటో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

యంత్రం వచ్చిన తొలినాళ్ళలో ఆ బలం అందనివాళ్ళూ ఉన్నారు. గరిమెళ్ళ సత్యనారాయణ సహాయ నిరాకరణోద్యమ కాలంలో ‘మాకొద్దీ తెల్లదొరతనము’ రాసి, వీధుల్లో తానే పాడి జైలుకు వెళ్ళారు. ఆ పాట నోటినోటా ఆంధ్రదేశమంతా తిరిగింది. ఆయన 1952లో పేదరికంలో చనిపోయారు. తెలుగులో అత్యంత ప్రభావం చూపిన సొంత పాటల్లో ఒకటి ఇలా వ్యాపార రికార్డుతో పనిలేకుండానే ప్రచారం పొందింది.

మూడు నిమిషాల ప్లేటు

భారతదేశంలో వ్యాపార రికార్డింగు 1902లో కలకత్తాలో మొదలైంది. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగు నిపుణుడు గ్రామఫోన్ కంపెనీ తరఫున వచ్చి గౌహర్ జాన్ వంటి గాయనుల పాటలు పట్టుకెళ్ళాడు. 1908 నాటికి కలకత్తాలోనే ప్లేట్ల తయారీ ఆరంభమైంది. తరువాత కర్మాగారం డమ్‌డమ్‌కు మారింది. దక్షిణాదిలో పాడిన పాట కూడా అక్కడే అచ్చయి తిరిగి మన ఊళ్ళకు వచ్చేది.

లక్కతో చేసిన ఆ ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. పది అంగుళాల ప్లేటుకు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలు. పాట స్వరూపాన్ని మార్చింది ఈ కొలతే. రాగాలాపన కుదించుకుపోయింది. పల్లవి త్వరగా రావాలి, చరణాలు రెండు మూడుకు మించకూడదు. మైకు రాకముందు, అంటే 1925 ప్రాంతం వరకు, గాయకుడు ఒక పెద్ద గొట్టంలోకి గట్టిగా పాడాలి. కాబట్టి కంచుకంఠం ఉన్న రంగస్థల నటులకు గిరాకీ. తొలి తెలుగు ప్లేట్లలో నాటక పద్యాల పంటే ఎక్కువ. 1935లో కన్నుమూసిన కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాల ప్లేట్లు నాటకం ఎరగని ఇళ్ళకు కూడా చేరాయి. మైకు వచ్చాక మెల్లగా, గుసగుసగా పాడేవాళ్ళకు అవకాశం వచ్చింది. తెలుగు లలిత గీతానికి ఊపిరి పోసింది గాయకుల మనసు ఒక్కటే కాదు, మైకు కూడా.

ఈ మార్పును ముందుగా అందిపుచ్చుకున్నవారిలో సాలూరు రాజేశ్వరరావు ఒకరు. విజయనగరం ప్రాంతపు శివరామపురంలో 1922లో పుట్టారు, పిల్లవాడుగా ఉండగానే రికార్డులిచ్చారు, 1935లో ‘శ్రీకృష్ణ లీలలు’ సినిమాలో కృష్ణుడుగా నటించారు. తరువాత ఆయన ఒంటరిగాను, రావు బాలసరస్వతీదేవితో కలిసి యుగళంగాను పాడిన ప్రైవేటు పాటలు తెలుగు రికార్డుల చరిత్రలో ఒక శిఖరం. ‘చల్లగాలిలో’, ‘కోపమేల రాధా’ వంటివి సినిమా సందర్భం ఏదీ లేకుండానే నిలబడ్డ ప్రేమగీతాలు. బాణీ, గొంతు ఆయనవి. మాట తరచుగా మరొకరిది. రజని (బాలాంత్రపు రజనీకాంతరావు) వంటి కవులు ఆయనకు పాటలు రాసిచ్చారు. ఆ స్వరాల్లో ఉత్తరాది, బెంగాలీ సంగీతాల పోకడ కనబడుతుంది, కానీ పలుకు విరుపు పూర్తిగా తెలుగుది. 1940లలో సినిమా బయట తెలుగు ప్రేమపాట ఒంటరిగా వికసించిన కొద్ది కాలం ఇదే. ‘మల్లీశ్వరి’ (1951) నాటికి రాజేశ్వరరావు ప్రతిభ మొత్తాన్నీ సినిమా తీసుకుంది. ఆయన సినిమా పాటలు ఎంత గొప్పవైనా, ఆ ప్రైవేటు పాటల తోవ అక్కడితో ఆగిపోవడం తెలుగు సంగీతానికి నష్టమేనని చెప్పక తప్పదు.

రేడియో ఇచ్చిన నీడ

కంపెనీలు అమ్ముడుపోయేదాన్నే రికార్డు చేస్తాయి. అమ్మకంతో పనిలేని సంస్థ రేడియో. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో మొదలయ్యాయి. హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో 1935 నుంచి ఉర్దూతో పాటు తెలుగు, కన్నడం, మరాఠీలలో కూడా ప్రసారం చేసింది, 1950లో ఆకాశవాణిలో కలిసింది. తెలుగు సొంత పాట ఎక్కువ కాలం బతికింది ఈ స్టూడియోల్లోనే.

ఇందులో పెద్ద పేరు బాలాంత్రపు రజనీకాంతరావు (1920-2018). రాయడం, స్వరపరచడం, పాడడం మూడూ ఆయనకు సమానంగా వచ్చు. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి మద్రాసు కేంద్రం నుంచి టంగుటూరి సూర్యకుమారి పాడిన ‘మాదీ స్వతంత్ర దేశం’ ఆయన రాసి బాణీ కట్టినదే. ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రాసి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. తాను ఏ కోవకు చెందినవారో ఆ కోవ చరిత్రను తానే రాసిన అరుదైన మనిషి ఆయన. పాలగుమ్మి విశ్వనాథం కూడా ఇదే బాటలో రాసి స్వరపరిచారు. తల్లి గొంతుతో బిడ్డను పలకరించే ఆయన ‘అమ్మదొంగా’ను వేదవతీ ప్రభాకర్ పాడగా శ్రోతలు ఇంటి పాటగా చేసుకున్నారు. రేడియో పద్ధతిలో లోటు ఒకటుంది. పాట వారం వారం గాలిలో వినిపిస్తుంది, శ్రోత చేతికి మాత్రం రాదు. టేపు చాలా ఖరీదు కాబట్టి ఒక ప్రసారం చెరిపి దాని మీదనే మరొకటి రికార్డు చేయడం అప్పటి స్టూడియోల్లో మామూలే. ఆ తరపు లలిత గీతాల్లో ఆల్బమ్ రూపం దాల్చినవి కొద్దిపాటివే.

సూర్యకుమారి కథ ఈ వ్యాసానికి మరో విధంగా ముఖ్యం. శంకరంబాడి సుందరాచారి 1942లో ‘దీనబంధు’ సినిమా కోసం రాసిన ‘మా తెలుగు తల్లికి’ పాట ఆమె గొంతులో ప్లేటుగా ఇంటింటికీ చేరి, తరువాత ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతం అయింది. సినిమా కోసం పుట్టిన పాట సినిమాను దాటి, ఒక గాయని సొంత రికార్డుగానే జనంలో నిలిచింది. 1961లో ఆమె న్యూయార్కులో రవీంద్రుని నాటకంలో నటించి ఓబీ పురస్కారం పొందారు. తరువాత లండన్‌లో స్థిరపడి, పాడుతూ, నేర్పుతూ 2005లో అక్కడే కన్నుమూశారు.

వింజమూరి అనసూయ, సీత అక్కచెల్లెళ్ళు జానపద గీతాన్ని వేదికకు, ప్లేటుకు ఎక్కించారు. ఊళ్ళో కూలి స్త్రీ పాడుకునే పాటను సభలో హార్మోనియంతో పాడడం అప్పటికి సాహసమే. అనసూయ 2019లో హ్యూస్టన్‌లో చనిపోయేదాకా ఆ పాటలను అమెరికా తెలుగువారికి అందిస్తూనే ఉన్నారు.

ఎం.ఎస్.రామారావు సుందరకాండ

తెలుగులో సొంత పాటల ఆల్బమ్ అన్న మాటకు అన్నివిధాలా సరిపోయే రచన ఒక్కటి చెప్పమంటే, మోపర్తి సీతారామారావు అనే ఎం.ఎస్.రామారావు (1921-1992) సుందరకాండను చెప్పాలి. తెనాలి ప్రాంతపు మోపర్రు ఆయన ఊరు. ‘తహసీల్దార్’ (1944) సినిమాకు పాడి, తెలుగులో తొలి నేపథ్య గాయకుల్లో ఒకరుగా పేరుపొందారు. తాజ్‌మహల్ మీద ఆయన పాడిన ప్రైవేటు పాట ఆ కాలపు కుర్రకారు నోట నానింది. సినిమా అవకాశాలు తగ్గాక 1964లో మద్రాసు వదిలి రాజమండ్రి చేరి, అక్కడ ఒక గురుకులంలో ఉద్యోగం చేశారు. ఆయన పేరును నిలబెట్టిన పని సినిమా వదిలాకే మొదలైంది.

వాల్మీకి సుందరకాండలో 68 సర్గలున్నాయి. హనుమంతుడు సముద్రం దాటడం మొదలు సీత జాడ రామునికి చెప్పడం దాకా సాగే ఆ కథను రామారావు చదువు రానివాళ్ళకు కూడా తెలిసే తెలుగులో పాటగా రాశారు. బాణీ ఒకే ఒరవడిలో సాగుతుంది. నాలుగు చరణాలు వినేసరికి వినేవాడు కూడా గొంతు కలపగలడు. ఇక్కడ సంగీతం తన గొప్పను చాటుకోదు, కథను మోస్తుంది. లంకలో సీతను వెతికే ఘట్టంలో ఆయన గొంతు తగ్గుతుంది, లంకాదహనంలో వేగం పుంజుకుంటుంది, వాద్యాల హంగు మాత్రం పెరగదు. మూడు నిమిషాల ప్లేటు యుగంలో ఇలాంటిది అసాధ్యం. రేడియో ధారావాహిక ప్రసారం, ఆపైన క్యాసెట్టు వచ్చాకే గంటల కొద్దీ సాగే పాట సాధ్యమైంది. ఆయన్ను జనం ‘సుందరదాసు’ అని పిలుచుకున్నారు. తెలుగు హనుమాన్ చాలీసా కూడా ఆయనదే. తెల్లవారుజామున గుడి మైకులో ఈ గొంతు వినని తెలుగు ఊరు తక్కువ. సాహిత్య విమర్శకులు, సంగీత విమర్శకులు ఇద్దరూ దీన్ని తమ పరిధిలోది కాదనుకుని వదిలేశారు. భక్తి క్యాసెట్టుగా మాత్రమే లెక్కేశారు. ఒక మనిషి ఒక కథను తన మాటతో, తన బాణీతో, తన గొంతుతో తుదిదాకా నడిపించిన కృతిగా దీనికి దక్కవలసిన స్థానం ఇంకా దక్కలేదు.

ఘంటసాల భగవద్గీత దీనికి తోడుగా చెప్పవలసినది. ఘంటసాల వెంకటేశ్వరరావు అంతకుముందే కరుణశ్రీ ‘పుష్పవిలాపం’, ‘కుంతీకుమారి’ పద్యాలకు బాణీలు కట్టి ప్రైవేటు రికార్డులుగా పాడారు. పద్యాన్ని నాటకాల రాగాలాపన నుంచి విడదీసి, అర్థం చెడకుండా, కన్నీరు తెప్పించేలా పాడడం ఆయన వేసిన దారి. అనారోగ్యంతో ఉన్న చివరి రోజుల్లో ఆయన గీత నుంచి నూరుకు పైగా శ్లోకాలు ఏరి, వివిధ రాగాల్లో స్వరపరిచి పాడారు, మధ్యమధ్య తెలుగు తాత్పర్యం తన గొంతుతోనే చెప్పారు. 1974 ఫిబ్రవరి 11న ఆయన చనిపోయాక అది విడుదలైంది. మాట వ్యాసునిది కాబట్టి నిర్వచనం ప్రకారం ఇది సొంత పాటల ఆల్బమ్ కాదు, కానీ ఏకగాయక ఆల్బమ్‌గా తెలుగులో దీనికి సాటి లేదు. చావు జరిగిన ఇంటి దగ్గర, అంతిమయాత్రలో దీన్నే వేయడం ఆచారమైపోయింది. అందువల్ల చాలామంది తమ ఇంట్లో మామూలు రోజున పెట్టుకోవడానికి జంకుతారు. ఈ జంకు ఆ రికార్డుకు అన్యాయం చేసింది. దుఃఖ సందర్భం నుంచి తీసి ప్రశాంతంగా వింటే, రాగాల ఎంపికలో, సంస్కృతం నుంచి తెలుగుకు మారేచోట మాట నిలుపులో ఘంటసాల పడ్డ శ్రద్ధ తెలుస్తుంది.

అదే కాలంలో ఇంగ్లండు

పోలిక కోసం ఇంగ్లండు వైపు చూస్తే, అక్కడ ఒంటరి ఆల్బమ్ చాలాసార్లు ఒక బృందం విడిపోయాక వచ్చింది. 1970 ఏప్రిల్‌లో అలా తన బృందాన్ని వీడిన పాల్ మెకార్ట్నీ తన పేరుతోనే విడుదల చేసిన తొలి ఆల్బమ్‌లో దాదాపు అన్ని వాద్యాలూ తానే వాయించారు, ఎక్కువ భాగం లండన్‌లోని తన ఇంట్లో నాలుగు ట్రాకుల యంత్రం మీద రికార్డు చేసుకున్నారు. అదే ఏడాది నవంబరులో వచ్చిన, అదే బృందపు జార్జ్ హారిసన్ ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ మూడు ప్లేట్ల సంపుటి. అందులో కృష్ణభక్తి ప్రభావం స్పష్టం. 1972లో నిక్ డ్రేక్ ‘పింక్ మూన్’ వచ్చింది. గొంతు, గిటారు, ఒక్క పాటలో పియానో, అంతే. 28 నిమిషాలు. రెండు రాత్రుల్లో రికార్డింగు ముగిసింది. ఆయన 1974లో 26 ఏళ్ళకే చనిపోయారు, ఆల్బమ్‌ను జనం గుర్తించింది ఎన్నో ఏళ్ళ తరువాత. 1980లో కేట్ బుష్ ‘నెవర్ ఫర్ ఎవర్’ బ్రిటన్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరిన తొలి బ్రిటిష్ మహిళా ఏకగాయక ఆల్బమ్ అయింది.

అక్కడ కళాకారుడి వెనుక కంపెనీ, పత్రిక, రేడియో, కచేరీ నాలుగూ కలిసి పనిచేశాయి. పాడేవాడి ఆంతరంగిక జీవితమే ఆల్బమ్‌కు వస్తువు. మన దగ్గర కచేరీ అంటే శాస్త్రీయ సంగీతం, పాటల పత్రిక అంటే సినిమా పత్రిక. గాయకుడు తన సొంత దుఃఖాన్ని పాడుకోవడానికి కాకుండా దేవుడి కథో, దేశం గోడో పాడడానికి మాత్రమే మన వ్యవస్థ చోటిచ్చింది.

క్యాసెట్టు, గజ్జె, గొంగడి

ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన క్యాసెట్టు 1980లలో భారతీయ మార్కెట్టును తలకిందులు చేసింది. ప్లేటు అచ్చు వేయడానికి కర్మాగారం కావాలి, క్యాసెట్టు నకలు తీయడానికి రెండు డెక్కులు చాలు. గ్రామఫోన్ కంపెనీ లేబులైన హెచ్.ఎం.వి. గుత్తాధిపత్యం పోయింది. చిన్న పట్టణాల్లో రికార్డింగు సెంటర్లు వెలిశాయి. పాటల జాబితా రాసిచ్చి ఖాళీ క్యాసెట్టు ఇస్తే సాయంత్రానికి నింపి ఇచ్చేవారు. భక్తి, జానపదం, ప్రాంతీయ యాస, ఎన్నికల ప్రచారం అన్నీ టేపెక్కాయి.

అందరికంటే ఎక్కువగా దీన్ని ఉపయోగించుకున్నది విప్లవ గాయకులు. గుమ్మడి విఠల్‌రావు, అంటే గద్దర్, ఉమ్మడి మెదక్ జిల్లా తూప్రాన్‌లో 1949లో పుట్టారు. రాయికోడ్ కూడా 2016 దాకా ఆ మెదక్ జిల్లాలోనిదే. విప్లవ కళాబృందమైన జన నాట్యమండలి ద్వారా గోచి, గొంగడి, గజ్జె, చేతికర్ర ఒక వేదిక భాష అయ్యాయి. ‘మా భూమి’ సినిమాలో బండి యాదగిరి పాటను గద్దర్ పాడడం ఆయన్ను తెరకు పరిచయం చేసింది. ఆ సినిమా నిర్మాత బి.నర్సింగరావు కూడా మెదక్ జిల్లావారే. ఏళ్ళ అజ్ఞాతవాసం తరువాత 1990లో గద్దర్ హైదరాబాదులో పాడితే జనం పోటెత్తారు. పాటల పుస్తకాలు, క్యాసెట్లు సభల్లోనే అమ్ముడయ్యేవి. ఈ క్యాసెట్లలో స్టూడియో నగిషీ ఉండదు. డప్పు, వంత, మధ్యలో మాట, మళ్ళీ పాట, ఇదే నిర్మాణం. గద్దర్ పాట కాగితం మీద చదివితే సగమే దొరుకుతుంది. మిగతా సగం ఆయన ఊపిరి తీసుకునే చోట, మాటను సాగదీసే చోట ఉంటుంది. అందుకే ఆయన రికార్డులు రచనలతో సమానంగా భద్రపరచదగినవి. 2023 ఆగస్టు 6న ఆయన చనిపోయారు.

ఉత్తరాంధ్రలో వంగపండు ప్రసాదరావు (1943-2020) ఇదే పని ఆ ప్రాంతపు యాసలో చేశారు. గూడ అంజయ్య, అందెశ్రీ, గోరటి వెంకన్న తెలంగాణ పాటను ముందుకు తీసుకెళ్ళారు. వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ 2002లో ‘కుబుసం’ సినిమాలోకి వచ్చింది, ‘వల్లంకి తాళం’ కవితా సంపుటికి 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. ఒంటరిగా నిలబడి, వాద్యం లేకుండా కూడా సభను కట్టిపడేసే శక్తి ఆయనది. రాసి పాడేవాడిని సాహిత్యకారుడుగా గుర్తించడానికి మన సంస్థలకు ఎన్ని దశాబ్దాలు పట్టిందో ఈ తేదీ చెబుతుంది.

ఇదే కాలంలో నగరాల్లో పాప్ ఆల్బమ్ ప్రయత్నం జరిగింది. స్మిత వంటి గాయనులు టీవీ సంగీత చానళ్ళ అండతో పేరు తెచ్చుకున్నారు. సినిమా పాటలకు కొత్త తాళాలు జోడించడం మీద ఎక్కువగా ఆధారపడడంతో, ఆ వెల్లువలో సొంత రచనకు వేళ్ళు దిగలేదు.

రాయికోడ్, జహీరాబాద్ ప్రాంతం

రాయికోడ్ సంగారెడ్డి జిల్లాలో ఒక మండల కేంద్రం, అందోలు శాసనసభ, జహీరాబాద్ లోక్‌సభ నియోజకవర్గాల పరిధిలోది. జహీరాబాద్ ప్రాంతం 1956 దాకా హైదరాబాదు రాష్ట్రపు బీదరు జిల్లాలో ఉండేది. ఆ కారణంగా ఇక్కడ తెలుగు మాటలో కన్నడం, ఉర్దూ, మరాఠీ కలగలిసి ఉంటాయి. రాయికోడ్ వీరభద్రస్వామి గుడి, ఝరాసంగం కేతకీ సంగమేశ్వర క్షేత్రం చుట్టూ భజన, వీరశైవ సంప్రదాయపు పాట అల్లుకుని ఉన్నాయి. బతుకమ్మ, బొడ్డెమ్మ పాటలు, పీర్ల పండుగ పాటలు, కోలాటం, చిరుతల రామాయణం, నాట్ల కాడ, కలుపు కాడ, ఇసుర్రాయి కాడ ఆడవాళ్ళు పాడుకునే పాటలు వేరే. మద్రాసు కంపెనీలు పట్టుకెళ్ళిన తెలుగు పాటలో ఈ యాసకు చోటు లేదు. కోస్తా తెలుగు, పండితుల తెలుగు మాత్రమే ప్లేటెక్కాయి. ఇక్కడి జొన్న చేలలో పుట్టిన పాట గ్రామఫోను యుగం మొత్తం గాలిలోనే ఉండిపోయింది.

ఆ లోటు తీర్చింది వ్యాపార సంస్థ కాదు. 1983లో ఏర్పడి, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చిరుధాన్యాల సాగు చుట్టూ దళిత మహిళా సంఘాలను కూడగట్టింది. దాని సారథి పి.వి.సతీష్ 2023లో మరణించారు. సంఘాల మహిళలు 1990ల చివరలోనే యునెస్కో సాయంతో రికార్డింగు నేర్చుకున్నారు. ప్రసారానికి అనుమతి లేని రోజుల్లో క్యాసెట్ల మీద కార్యక్రమాలు తయారుచేసి సంఘాల కూడికల్లో వినిపించారు. కేంద్ర ప్రభుత్వం 2006లో స్వచ్ఛంద సంస్థలకు కూడా సామాజిక రేడియో అనుమతి ఇవ్వాలని నిర్ణయించాక, 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద మొదలైంది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ దాన్ని నడిపినవారిలో ముందువరుస. ప్రసార పరిధి సుమారు 25 కిలోమీటర్లు. సంక్రాంతి నుంచి నెలరోజులు ఊరూరా తిరిగే సొసైటీ వారి పాత పంటల జాతర పాటకు మరో వేదిక.

ఈ రేడియో స్టూడియోలో జరిగిన పనిని ఆల్బమ్ చరిత్రలో ఎందుకు చేర్చాలంటే, రికార్డు చేసేవాళ్ళు, పాడేవాళ్ళు, వినేవాళ్ళు ముగ్గురూ ఒకే ఊళ్ళవాళ్ళు కావడం తెలుగులో ఇంతకుముందు లేదు. కలుపు తీసే ఆడమనిషి పాటకు రచయిత పేరు ఉండదని పండితులు అంటారు. దగ్గరికెళ్ళి వింటే పాడే ప్రతి ఒక్కరూ తమ ఊరి పేరు, తమ చేను, తమ కష్టం చేర్చి చరణాలు కడతారని తెలుస్తుంది. అలా కట్టినవారు కూడా రచయితలే. కంపెనీ లేబులు మీద పేరు పడకపోవడం వల్లనే వారిని ‘జానపదం’ అన్న ఒక్క మాట కింద చేర్చేశారు. మాచ్‌నూర్ స్టూడియోలో మైకు ముందు కూర్చున్నప్పుడు కలుపు తీసే ఆ ఆడమనిషిది ఒక పేరున్న గొంతు.

ఇంగ్లీషులో పాడే తెలుగు బిడ్డలు

ప్రవాసంలో పుట్టిన తరం ఇంగ్లీషులోనే సొంత పాట రాస్తోంది. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబంలో పుట్టిన శ్వేత ఎల్లాప్రగడ రావు, ‘రాజకుమారి’ పేరుతో పాడతారు. మొదట ఫాల్ ఔట్ బాయ్ వంటి అమెరికా బృందాలకు పాటల రచనలో తోడ్పడ్డారు, తరువాత తన గొంతుతోనే ముందుకొచ్చారు. 2023లో వచ్చిన ‘ది బ్రిడ్జ్’ ఆమె తొలి పూర్తి ఆల్బమ్. చిన్నప్పుడు నేర్చిన శాస్త్రీయ నృత్యపు జతులు ఆమె ర్యాప్ లయలో వినిపిస్తాయి. ఇంగ్లీషు సొంత పాటల ఆల్బమ్ అన్న రూపానికి తెలుగు మూలాలున్న కళాకారిణి ఇచ్చిన గట్టి జవాబు ఇది.

హైదరాబాదులో యూట్యూబ్ కొత్త దారి తెరిచింది. రాహుల్ సిప్లిగంజ్ గల్లీ భాషలో సొంత వీడియో పాటలతో పేరు తెచ్చుకున్నాకే సినిమాలో పెద్ద గాయకుడయ్యారు. చౌరస్తా బృందంతో మొదలైన రామ్ మిరియాల కూడా రాసి, స్వరపరిచి, పాడే మనిషి. వీరి పాటలు ఒక్కొక్కటిగా విడుదలవుతాయి. పదిపాటలను ఒక వరుసలో కూర్చి, మొదటి నుంచి చివరి దాకా వినమని శ్రోతను అడగడం ఇప్పటికీ తెలుగులో అరుదే.

హక్కులు, నిల్వలు

1957 కాపీరైటు చట్టం ప్రకారం ధ్వని రికార్డుకు, విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళ రక్షణ ఉంటుంది. పాట మాటకు, బాణీకి వాటి కర్తలు చనిపోయాక 60 ఏళ్ళు. దీని వల్ల ఒక చిక్కు ఏర్పడుతుంది. రాజేశ్వరరావు 1940లలో పాడిన ప్లేటు ధ్వనిగా ఇప్పుడు ప్రజల సొత్తు. 1999లో ఆయన చనిపోయారు కాబట్టి ఆయన బాణీ మీద హక్కు 2059 దాకా వారసులదో, ఒప్పందం చేసుకున్న కంపెనీదో. ఎం.ఎస్.రామారావు సుందరకాండ మాట, బాణీ 2052 దాకా రక్షణలో ఉంటాయి. 2012 సవరణ తరువాత రచయిత, స్వరకర్తలకు రాబడిలో సమాన వాటా పొందే హక్కు వచ్చింది, దాన్ని రాసిచ్చేయడం కుదరదు. రాసి పాడేవారికి అన్నిటికంటే మేలు చేసిన చట్టభాగం ఇదే. పాట ఇచ్చే ముందు ఒప్పందం చదువుకునే యువ గాయకులకు తెలిసి ఉండవలసింది కూడా ఇదే.

లక్క ప్లేట్లు పగులుతాయి, టేపు బూజుపడుతుంది. పాత తెలుగు ప్లేట్లను ఈరోజు ఎక్కువగా దాచి ఉంచినది వ్యక్తులైన సేకర్తలు. వారు తమ ఖర్చుతో శుభ్రపరిచి డిజిటల్ రూపంలోకి మారుస్తున్నారు. ఆకాశవాణి కూడా తన నిల్వల్లో కొన్నిటిని అలా మార్చి విడుదల చేసింది. ఒక ప్లేటును గుర్తించాలంటే లేబులు మీద ఉన్న కంపెనీ పేరు, వరుస సంఖ్య, మైనం మూస మీద గీసిన మాట్రిక్స్ సంఖ్య మూడూ రాసిపెట్టుకోవాలి. పాట పేరు, గాయకుడి పేరు రాసి సంఖ్య వదిలేస్తే, అదే పాటను రెండుసార్లు పాడిన సందర్భాల్లో ఏది ముందుదో ఎవరూ తేల్చలేరు. క్యాసెట్టుకు మాట్రిక్స్ సంఖ్య ఉండదు కాబట్టి లోపలి కాగితం, దాని మీద అచ్చయిన చిరునామా కూడా పాటతో సమానంగా దాచవలసినవి.